మీ ఇంటి కుక్క కుంటుతోందా?

వాకిలి చిమ్మి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేసి నడుం ఎత్తేసరికి దాని మీద పాదాల గుర్తులు! ఇంకెవరు, మా బ్రూనోగాడు. వాడి మీద ఎన్నిసార్లు కేకలేశానో లెక్కలేదు. ముందుకాళ్ళ గుర్తులు లోతుగా, వెనకకాళ్ళవి తేలిగ్గా, రెండూ ఒకదానికొకటి దగ్గర దగ్గరగా పడుతున్నాయని రోజూ చూస్తూనే ఉన్నాను. చూశానే గానీ, అదేమిటని ఆలోచించలేదు. పిల్లాడు కాస్త తేడాగా నడిస్తే ఆ పూటే డాక్టరు దగ్గరికి పరిగెత్తే మనం, కుక్క విషయానికొచ్చేసరికి "అదే సర్దుకుంటుందిలే" అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. అందువల్ల వాడూ నేనూ పడ్డ అవస్థ ఇంకో ఇంట్లో పడకూడదనే ఇదంతా రాస్తున్నాను.

కుందేలు గెంతులు

మా అబ్బాయి ఇంటర్లో చేరిన ఏడాది స్నేహితుడి ఇంటి నుంచి లాబ్రడార్ పిల్లని ఎత్తుకొచ్చాడు. "అన్నీ నేనే చూసుకుంటానమ్మా, నీకేం పని ఉండదు" అని ఒట్టు కూడా వేశాడు. ఆ ఒట్టు ఎన్నాళ్ళు నిలిచిందో పిల్లలున్న ఏ తల్లికీ చెప్పక్కర్లేదు. నెల తిరిగేసరికి గిన్నె కడగడం నుంచి ఒళ్ళు దువ్వడం దాకా అన్నీ నా నెత్తినే పడ్డాయి. పడితే పడ్డాయి గానీ, వాడూ నా కొంగు వదిలేవాడు కాదు.

ఏడో నెలలో వాడి పరుగు మారింది. వెనకకాళ్ళు రెండూ కలిపి, కుందేలు గెంతినట్లు గెంతేవాడు. ఎంత ముద్దుగా ఉందో అని మేమంతా నవ్వుకున్నాం. ఫోనులో తీసి చుట్టాలందరికీ పంపించాం కూడా. తర్వాత మెట్ల దగ్గర ఆగిపోవడం మొదలుపెట్టాడు. హాల్లో గ్రానైట్ బండల మీద వెనకకాళ్ళు జారి, చతికిలబడి, లేవడానికి రెండు మూడుసార్లు ప్రయత్నించేవాడు. "తిండి ఎక్కువై బద్ధకం" అన్నారు మావారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, తిండి సంగతిలో ఆయన అన్నది సగం నిజమే.

కాలు నొప్పి పుడితే కుక్క కుయ్యో మని ఏడుస్తుందని మన ఊహ. చాలా కుక్కలు ఏడవవు. తోక ఊపుతాయి, అన్నం తింటాయి, గేటు చప్పుడైతే మొరుగుతాయి. నొప్పి మాత్రం చిన్న చిన్న పనుల్లో బయటపడుతుంది. పడుకున్నది లేవడానికి ఎక్కువసేపు తీసుకోవడం, కూర్చున్నప్పుడు ఒక కాలు పక్కకి చాపేయడం, ఒకే కీలుని పదేపదే నాకడం, ఎప్పుడూ లేనిది నడుం మీద చెయ్యి వేస్తే గుర్రుమనడం, ఒక పాదానికి గోళ్ళు అరగకుండా పొడుగ్గా పెరగడం... ఇవన్నీ ఇంట్లో ఎవరికి కనబడతాయి చెప్పండి? ఆఫీసుకెళ్ళేవాళ్ళకా, కాలేజీకెళ్ళేవాళ్ళకా? రోజంతా దాని చుట్టూ తిరిగే మనకే.

అత్తయ్య మందుల డబ్బా

ఒకరోజు బ్రూనో కుడి వెనకకాలు నేల మీద ఆనించడం మానేశాడు. ఆదివారం, ఆస్పత్రి లేదు. మా అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, ఆవిడ మందుల డబ్బా ఎప్పుడూ పక్కనే ఉంటుంది. "అమ్మాయ్, వాడికీ నాలాగే కీళ్ళు పట్టేసినట్టున్నాయి. నా మాత్ర ఓ సగం పెరుగన్నంలో కలిపి పెట్టరాదూ?" అన్నారు. పాపం, ఆవిడకి వాడంటే ప్రాణం. నాకూ సబబుగానే తోచింది. సగం మాత్ర పెట్టాను. సాయంత్రానికి కాస్త తేలిగ్గా నడిచాడు. ఇంకేం, మర్నాడు ఇంకో సగం, ఆ మర్నాడు ఇంకో సగం.

మూడో రాత్రి వాంతులు. నాలుగో రోజు పొద్దున తారులాగా నల్లటి విరేచనం. చిగుళ్ళు తెల్లగా పాలిపోయాయి. వాణ్ణి దుప్పట్లో వేసుకుని ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేటప్పుడు నా చేతులు వణికిపోయాయి. డాక్టరుగారు ఒక్కటే ప్రశ్న అడిగారు: "ఇంట్లో ఏం మాత్ర వేశారమ్మా?" అబద్ధం చెబుదామనిపించింది, సిగ్గుతో. చెప్పలేదు, అదే మేలైంది. కడుపులో పుళ్ళు పడి రక్తం పోతోందన్నారు. మూడు రోజులు సెలైన్ ఎక్కించి, కడుపు పూతకి మందులిచ్చి నిలబెట్టారు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే మూత్రపిండాలు కూడా పోయేవట.

ఎందుకలా అవుతుందంటే, మన నొప్పి మాత్రలు కొన్ని మన ఒంట్లోంచి కొన్ని గంటల్లో పోతాయి. కుక్క ఒంట్లో అవి చాలాసేపు తిరుగుతూనే ఉండి, కడుపులోని మెత్తటి పొరని తినేస్తాయి, మూత్రపిండాలకి రక్తం సరిగా అందనివ్వవు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, న్యాప్రోక్సెన్ ఇవన్నీ ఈ కోవలోవే. జ్వరానికి వాడే పారాసిటమాల్ మోతాదు మించితే కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పిల్లులున్న ఇళ్ళవాళ్ళు మరీ జాగ్రత్త, ఒక్క పారాసిటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. అన్నట్లు, మన దేశంలో పశువులకి డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లో నిషేధించారు. ఆ మందు వేసిన పశువు చచ్చిపోతే, దాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు చెడిపోయి గుంపులు గుంపులుగా రాలిపోయాయి. అందరి మందుల డబ్బాల్లోనూ అమాయకంగా పడి ఉండే మాత్రే మరి!

కుక్కలకి నొప్పి తగ్గించే మందులు లేవని కాదు. కార్‌ప్రొఫెన్, మెలాక్సికామ్ లాంటివి ఉన్నాయి. అవి బరువుని బట్టి, మూత్రపిండాలూ కాలేయమూ ఎలా ఉన్నాయో చూసి, డాక్టరు లెక్కగట్టి ఇవ్వాలి. పొరపాటున మీ కుక్క మాత్రలేమైనా మింగేస్తే ఉప్పునీళ్ళు పట్టి కక్కించబోకండి, అది ఇంకో ప్రమాదం. ఆ ఖాళీ అట్ట చేతపట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఏ కాలు? ఎక్కడ?

బ్రూనో కోలుకున్నాక అసలు కాలి సంగతి మొదలైంది. డాక్టరుగారు వాణ్ణి బల్ల ఎక్కించలేదు. ఆస్పత్రి వరండాలో నన్నే పట్టుకుని నడిపించమని, తాను ఎదురుగా ఒకసారి, పక్కన ఒకసారి, వెనక ఒకసారి నిలబడి చూశారు. ఆ కిటుకు నాకూ చెప్పారు. మీరూ చూడొచ్చు.

ముందుకాలు నొప్పైతే, ఆ కాలు నేలకి తగిలినప్పుడు కుక్క తల పైకెత్తుతుంది, బరువు పడకుండా. బాగున్న కాలు ఆనినప్పుడు తల కిందికి దిగుతుంది. అంటే, తల ఏ కాలి మీద దిగుతోందో అది మంచి కాలు! మనం సాధారణంగా తిరగేసి అనుకుంటాం. వెనకకాలైతే తల కన్నా నడుం చూడాలి. నొప్పి ఉన్న వైపు తుంటి ఎక్కువ ఎత్తుకి లేచి పడుతుంది. నెమ్మదిగా, తాడు వదులుగా పట్టుకుని నడిపిస్తేనే ఇది కనబడుతుంది. తాడు బిగించి లాగితే ఏమీ తెలియదు. ఇంకో మాట. ఇంట్లో కుంటిన కుక్క ఆస్పత్రిలో భయానికి చక్కగా నడిచేస్తుంది. ఇంట్లో కుంటేటప్పుడే ఫోనులో ఓ నిమిషం వీడియో తీసి పెట్టుకోండి. చుట్టాలకి పంపిన ఆ కుందేలు గెంతుల వీడియోనే డాక్టరుగారికి అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది.

కుంటుతున్న కుక్కని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే ముందు పాదం చూడండి. వేళ్ళ మధ్య పల్లేరుకాయ, గాజుపెంకు, చీలిన గోరు, కరుచుకున్న గోమారి... చాలాసార్లు గుట్టు అక్కడే ఉంటుంది. ఎండాకాలంలో తారురోడ్డు మీద నడిపిస్తే పాదాలు బొబ్బలెక్కుతాయి. మన అరచెయ్యి ఆ రోడ్డు మీద ఓ ఐదారు సెకన్లు ఆనించలేకపోతే కుక్క కాలూ ఆనించలేదు. గోమార్ల వల్ల వచ్చే జ్వరంలో కూడా కీళ్ళు వాచి, ఇవాళ ఒక కాలు, ఎల్లుండి ఇంకో కాలు కుంటే కుక్కలున్నాయి. దానికి ఎక్స్‌రే కాదు, రక్తపరీక్ష కావాలి.

గుర్రం కాలు విరిగితే...

తల ఊపుని బట్టి కాలు పట్టుకునే ఈ విద్య గుర్రాల డాక్టర్లకి ఉగ్గుపాలతో పెట్టిందట. మా డాక్టరుగారు చదువైన కొత్తలో గుర్రాల దగ్గర పనిచేశారు. గుర్రాన్ని గట్టినేల మీద దుడుకు నడక నడిపించి, తల చూస్తూ, గిట్టల చప్పుడు వింటారు. నాలుగు గిట్టలూ ఒకే తీరున మోగకపోతే ఒక కాలి మీద బరువు తక్కువ పడుతోందన్నమాట. గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ళ మీదే ఉంటుంది కాబట్టి కుంటులో ఎక్కువ భాగం ముందుకాళ్ళదే. అందులోనూ గిట్ట దగ్గరే ముందు వెతుకుతారు.

నేను ఎప్పటినుంచో అడగాలనుకున్న ప్రశ్న అడిగేశాను: "సినిమాల్లో గుర్రం కాలు విరగ్గానే కాల్చేస్తారేమండీ? కట్టు కట్టకూడదా?"

కట్టొచ్చు, కడుతున్నారు కూడా. కష్టం వేరే ఉంది. నాలుగైదు వందల కిలోల జంతువు. మోకాలి కింద కండ లేదు, ఎముక, నరాలు, చర్మం అంతే. విరిగితే ఎముక తరచు ముక్కలు ముక్కలవుతుంది. మనిషిలా నెలల తరబడి మంచం పట్టడం దానికి కుదరదు, నిలబడాలి. నిలబడితే బరువంతా మిగిలిన కాళ్ళ మీద పడి, ఆ గిట్టల లోపలి పొరలు వాచి, ఎముక నుంచి గిట్ట ఊడిపోవడం మొదలవుతుంది. అమెరికాలో బార్బరో అనే పందెపు గుర్రం 2006 మే నెలలో కెంటకీ డెర్బీ గెలిచి, రెండు వారాలకి ప్రీక్‌నెస్ పందెంలో కుడి వెనకకాలు విరగ్గొట్టుకుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారి పశువుల ఆస్పత్రిలో ప్లేటు పెట్టి 27 స్క్రూలు బిగించారు. విరిగిన కాలు మానుతూ వచ్చింది. ఎనిమిది నెలలు దేశమంతా దానికోసం ఎదురుచూసింది. చివరికి బాగున్న ఎడమ కాలి గిట్ట చెడింది, తర్వాత ముందుకాళ్ళవీ చెడ్డాయి. 2007 జనవరి 29న దాన్ని నిద్రపుచ్చాల్సి వచ్చింది.

ఆ గిట్ట వాపు తిండి వల్ల కూడా వస్తుంది. గుర్రం గింజల బస్తా దగ్గరికి వెళ్ళి ఒక్కసారిగా కడుపునిండా మేసిందంటే రెండు మూడు రోజుల్లో నాలుగడుగులు వెయ్యలేని స్థితికి రావచ్చు. పెళ్ళి ఊరేగింపు గుర్రానికి ముచ్చటపడి గుప్పిళ్ళతో బెల్లం, శనగలు పెట్టే పిల్లల్ని వారించండి.

కుక్క ఈ విషయంలో అదృష్టవంతురాలు. మూడుకాళ్ళ మీద పరిగెత్తగలదు. ఏ మందుకీ లొంగని స్థితిలో కాలు తీసేయాల్సి వచ్చినా, చాలా కుక్కలు కొద్ది వారాల్లో అలవాటు పడి మునుపటిలా తిరుగుతాయి. మనకే చూడలేక కళ్ళనీళ్ళు తిరుగుతాయి గానీ, దానికి ఆ బెంగ లేదు.

తుంటి కీలు కథ

బ్రూనోకి మత్తు ఇచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, వెనకకాళ్ళు తిన్నగా చాపి ఎక్స్‌రే తీశారు. మత్తెందుకని భయపడ్డాను. మెలకువగా ఉంటే కండరాలు బిగబట్టి కీలు వదులుని దాచేస్తుందట. అదే మత్తులో మోకాలు పట్టుకుని తుంటిని మెల్లగా తిప్పి చూస్తే, జారిన బంతి గిన్నెలోకి పడుతున్నట్లు "టక్" మని చేతికి తెలుస్తుంది. ఈ పరీక్ష కుక్కల డాక్టర్లు కనిపెట్టింది కాదు. ఓర్టోలానీ అనే ఇటలీ పిల్లల వైద్యుడు 1930లలో చంటిపిల్లల కోసం చెప్పినది. ఇప్పటికీ పురిటి ఆస్పత్రుల్లో పసిగుడ్డు కాళ్ళు విడదీసి తిప్పి చూస్తారే, అదే.

తొడ ఎముక చివర బంతిలా ఉంటుంది. తుంటిలో దానికి గిన్నెలాంటి గుంట. రోలూ రోకలీ కుదిరినట్లు రెండూ కుదరాలి. బ్రూనోకి గిన్నె లోతు చాలలేదు, బంతి సగం బయటే ఉంది. దీన్ని హిప్ డిస్‌ప్లేసియా అంటారు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్, గోల్డెన్ రిట్రీవర్, సెయింట్ బెర్నార్డ్ లాంటి పెద్ద జాతుల్లో ఎక్కువ. పుట్టినప్పుడు కీలు బాగానే ఉంటుంది. పెరిగే నెలల్లో వదులై, అరిగి, చివరికి కీళ్ళవాతంలోకి దిగుతుంది. వంశపారంపర్యంగా వస్తుంది కాబట్టి, పిల్లని కొనేటప్పుడు తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే అడగాలి. "అడిగితే నవ్వుతారండీ" అంటారా? నవ్వనివ్వండి. ఈ లోపం ఉన్న కుక్కకి పిల్లలు పెట్టించకూడదు. ఎంత అందంగా ఉన్నా సరే.

వైద్యం వయసుని బట్టి, బరువుని బట్టి. నాలుగైదు నెలల లోపు కనిపెడితే తుంటి ఎముక పెరిగే తీరుని మార్చే చిన్న ఆపరేషన్ ఉంది. ఆ వయసులో మేం వీడియోలు తీస్తూ నవ్వుతున్నాం కూడా కాదు, అసలు గమనించనే లేదు. ఆ తర్వాతైతే బంతి భాగాన్ని కోసి తీసేసి కండరాల మీదే కాలు నిలబడేలా చేస్తారు. తేలిక బరువు కుక్కల్లో ఇది బాగా పనిచేస్తుంది. మనుషుల్లోలాగా తుంటి మార్పిడి కూడా ఉంది, ఖర్చు ఎక్కువ, చేసేచోట్లు తక్కువ. బ్రూనోకి ఆపరేషన్ లేకుండా ముందు బరువు తగ్గించి చూద్దామన్నారు డాక్టరుగారు. "మందు నా దగ్గర కాదమ్మా, మీ వంటింట్లో ఉంది" అన్నారు.

గిన్నెలో ఏముంది?

సిగ్గు విడిచి చెబుతున్నాను. పూటకి రెండు గరిటెల అన్నం, నెయ్యి, పాలు, మిగిలిన పూరీలు, అత్తయ్య చేతి బిస్కెట్లు. నెయ్యి పడని ముద్ద వాడి నోట్లోకి వెళ్ళేది కాదు. అదే ప్రేమ అనుకున్నాను.

అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లల మీద చేసిన ఒక పరిశీలన గురించి డాక్టరుగారు చెప్పారు. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్ని జతలుగా విడదీసి, జతలో ఒకదానికి రెండోదానికన్నా 25 శాతం తక్కువ తిండి పెట్టారు, బతికినంతకాలం. ఫలితాలు 2002లో వచ్చాయి. తక్కువ తిన్నవి దాదాపు 2 ఏళ్ళు ఎక్కువ బతికాయి. తుంటి వాతం ఎక్కువ తిన్న గుంపులో సగం కుక్కలకి 6 ఏళ్ళకే ఎక్స్‌రేలో కనబడింది. తక్కువ తిన్న గుంపులో సగానికి రావడానికి 12 ఏళ్ళు పట్టింది. ఇది విన్న రోజు నేను నెయ్యి గిన్నె పైఅరలోకి మార్చేశాను.

మీ కుక్క లావో కాదో తూకం లేకుండానే చెప్పొచ్చు. మీ అరచెయ్యి చాపి, రెండో చేతి వేళ్ళతో వెనకవైపు వేళ్ళ కణుపుల మీద నిమరండి. కుక్క పక్కటెముకలు అలా తగలాలి. పిడికిలి బిగించినప్పటి కణుపుల్లా పొడుచుకొస్తే మరీ బక్క. అరచేతి లోపలివైపు నిమిరినట్లు మెత్తగా ఉంటే లావు.

అలాగని తక్కువ పెట్టడమొక్కటే కాదు, ఏం పెడుతున్నామన్నది ఇంకా ముఖ్యం. మా ఎదురింటి వదినగారు నాలుగు నెలల స్పిట్జ్ పిల్లకి ఎముక గుచ్చుకుంటుందని ఒట్టి బోన్‌లెస్ కోడిమాంసం, కార్జం మాత్రమే పెట్టేవారు. దాని ముందుకాళ్ళు దొడ్డికాళ్ళయ్యాయి. ఓ రోజు సోఫా మీంచి దూకి కాలు విరగ్గొట్టుకుంది. సోఫా ఎత్తెంత, కాలు విరగడమేమిటి! ఎక్స్‌రేలో ఎముకలు గుడ్డు పెంకులా పలచగా కనబడ్డాయట. మాంసంలో భాస్వరం బోలెడు, కాల్షియం దాదాపు లేదు. ఆ లోటు తీర్చుకోవడానికి ఒళ్ళు తన ఎముకల్లోంచే కాల్షియం లాగేసుకుంటుంది. తిండి మార్చి, బోనులో కదలకుండా ఉంచితే కొన్ని వారాల్లో కోలుకుంది, కాళ్ళ వంకర కొంచెం మిగిలిపోయింది.

"పొద్దున ఎండలో కూర్చోబెడితే సరిపోదా?" అని వదినగారు అడిగారు. మనకి సరిపోతుంది. కుక్క చర్మం ఎండ నుంచి తగినంత డి విటమిన్ తయారుచేసుకోలేదు, తిండిలోనే అందాలి. ఒక్క రాగిజావతోనూ తీరదు. అలాగని పెద్దజాతి పిల్లకి మంచి డబ్బా తిండి పెడుతూ పైన కాల్షియం సీసాలు ఒంపడం కూడా తప్పే, ఎక్కువైన కాల్షియం ఎముకల పెరుగుదలని వంకర తిప్పుతుంది. ఇంటి వంటే పెట్టేవాళ్ళు కడిగి, ఎండబెట్టి, మెత్తగా దంచిన గుడ్డు పెంకు పొడి వాడొచ్చు, ఎంతన్నది డాక్టరు చెప్పిన కొలత. వండిన ఎముకలు వద్దు, సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఉల్లిపాయ, వెల్లుల్లి వేసిన కూరలు, పులుసులు అసలే వద్దు, కుక్క రక్తకణాల్ని పాడుచేస్తాయి.

చిన్న కుక్కలు, పొడుగు నడుములు

పొమేరియన్, స్పిట్జ్ లాంటి చిన్నవి నడుస్తూ నడుస్తూ ఒక వెనకకాలు ఎత్తి రెండడుగులు గెంతి, మళ్ళీ మామూలుగా నడుస్తాయి. అది ఆట కాదు, మోకాటి చిప్ప పక్కకి జారి మళ్ళీ చోటుకి రావడం. కొద్దిగా ఉంటే బరువు అదుపులో పెట్టుకుని గమనిస్తారు, ఎక్కువైతే ఆపరేషన్. పెద్ద కుక్క పరిగెడుతూ పరిగెడుతూ హఠాత్తుగా వెనకకాలు ఎత్తేసి, కూర్చున్నప్పుడు మోకాలు మడవకుండా బయటికి చాపితే, లోపలి నరంలాంటి కట్టు తెగి ఉండొచ్చు. ఒక మోకాలికి వచ్చినవాటిలో చాలావాటికి రెండోదానికీ వస్తుంది.

డాష్‌హౌండ్ పెంచేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. పొడుగు నడుం, పొట్టి కాళ్ళు. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళ జారితే నిన్నటిదాకా గెంతిన కుక్క ఇవాళ వెనకకాళ్ళు ఈడ్చుకుంటుంది. అది "రేపు చూద్దాం" అనే జబ్బు కాదు. గంటలు లెక్క.

దెబ్బ తగిలినప్పుడు

బండి కింద పడ్డా, మేడ మీంచి పడ్డా ముందు కాలు కాదు, ఊపిరి చూడండి. చిగుళ్ళు తెల్లబడ్డాయా చూడండి. మీ చేతిలో పెరిగిన కుక్కైనా నొప్పిలో కరుస్తుంది, కాబట్టి మెత్తటి చున్నీతో మూతి చుట్టూ వదులుగా కట్టాలి. వాంతి చేసుకుంటున్నా, ఆయాసపడుతున్నా, పగ్ లాంటి చప్పిముక్కుదైనా కట్టొద్దు. గాయం ఉంటే శుభ్రమైన గుడ్డ కప్పండి. పసుపూ సున్నం పట్టువేయకండి, వంకర తీయబోకండి. చెక్క మీదో, నలుగురు పట్టుకున్న దుప్పట్లోనో కదలకుండా తీసుకెళ్ళండి.

"పుత్తూరు కట్టు కట్టిస్తే పోదా?" అని అడిగేవాళ్ళు చాలామందే. మనిషికి కట్టు బిగుతైతే "అమ్మో" అంటాడు. కుక్క చెప్పలేదు. బిగుతు కట్టు కింద పాదం చల్లబడి, కుళ్ళి, చివరికి కాలే తీసేయాల్సిన కేసులు వస్తుంటాయన్నారు డాక్టరుగారు. ఆస్పత్రిలో కట్టిన పట్టీ అయినా రోజూ వేళ్ళు వాచాయా, వాసన వస్తోందా చూస్తూ ఉండాలి. ఎముక అతకడానికి బుల్లిపిల్లల్లో నెలరోజులు చాలు, పెద్దవాటికి రెండు మూడు నెలలు. రాడ్లూ ప్లేట్లూ వేసి ఆపరేషన్లు ఇప్పుడు మన దగ్గరా బాగానే జరుగుతున్నాయి. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల్లో కుక్కలకీ చూస్తారు.

బ్రూనో ఇప్పుడు

వాడికి ఆరేళ్ళు. 42 కిలోల నుంచి 33కి దిగాడు. హాల్లో గ్రానైట్ మీద పీచుపట్టాలు, పాత జంపఖానాలు పరిచాను. వచ్చినవాళ్ళు "ఇదేం అలంకారమండీ" అంటారు. పాదాల కింద వెంట్రుకలు నెలకోసారి కత్తిరిస్తాను, జారకుండా. బంతి విసిరి పరిగెత్తించడం మానేశాం. పొద్దునా సాయంత్రం పావుగంట చొప్పున నెమ్మది నడక. చలికాలంలో రెండు మూడు వారాలు డాక్టరు రాసిన మందు, అప్పుడప్పుడు రక్తపరీక్ష. కుందేలు గెంతు ఇంకా అప్పుడప్పుడు ఉంది, ఆపరేషన్ అవసరం మాత్రం రాలేదు.

ఆ నడకకి వాడి జత మా అత్తయ్యే. ఇద్దరికీ కీళ్ళే, ఇద్దరిదీ ఒకే వేగం. బరువు తగ్గమని ఆవిడకీ చెప్పారు డాక్టరు. నిన్న సాయంత్రం వరండాలో ఆవిడ కుర్చీ కింద గారెముక్క దొరికింది. నేను దాన్ని చేతిలోకి తీసుకుని చూస్తుంటే, ఇద్దరూ గేటు వైపు తల తిప్పుకున్నారు.

"అందులో ఉల్లిపాయ లేదులే అమ్మాయ్" అన్నారు అత్తయ్య, ఇటు చూడకుండానే.